గీత కొట్టిన పేర్లు

సింగపూర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన పిల్లలు అప్పుడప్పుడు నన్ను పలకరించడానికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "అంకుల్, మీరొచ్చింది ఐటీ బూమ్‌లో కదా, లక్కీ జనరేషన్" అంటారు. నిజమే, వచ్చింది ఆ రోజుల్లోనే. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని ప్రపంచం భయపడుతున్న రోజులు. ఆ భయం పుణ్యమా అని మనవాళ్ళు విమానాల నిండా వచ్చి దిగారు. ఆ బూమ్‌లో నా వాటాకి వచ్చిన పని మాత్రం, ఎప్పుడో రెండువందల ఏళ్ళ నాటి ఒక అమెరికా పెద్దమనిషి కాగితాలు టైపు చేయించడం.

ఇది చెప్పగానే నవ్వుతారు. నవ్వాక, "అందులో మీరు నేర్చుకున్న పెద్ద పాఠం ఏంటి అంకుల్?" అని అడుగుతారు. నేను మాట మార్చేస్తాను. వాళ్ళకి ఎదురుగా చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు. కొందరు ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళని నేను అడగలేదు.

మా ఆఫీసు పాయా లేబర్‌లో, ఒక పాత ఫ్యాక్టరీ భవనం నాలుగో అంతస్తులో ఉండేది. కింద బిస్కెట్లు తయారుచేసేవాళ్ళు. పదకొండయ్యేసరికి వెన్న వాసన లిఫ్టులోంచి పైకొచ్చి, పన్నెండింటికి రావలసిన ఆకలి ముందే వచ్చేది. నేనుండేది బుకిట్ బటోక్‌లో, మరో నలుగురితో కలిసి ఒక ఫ్లాట్‌లో. ఆ నలుగురూ బ్యాంకుల్లో ప్రోగ్రామర్లు. సాయంత్రం నేను తలుపు తీసుకుని లోపలికి రాగానే, "పోస్ట్‌మాస్టర్‌గారొచ్చారు, లేవండ్రా" అనేవాడు ఒకడు. "ఏరా, ఇవాళ అమెరికా నుంచి ఎన్ని ఉత్తరాలు? నాకేమన్నా ఉందా?" అనేవాడు ఇంకొకడు. నేనూ వాళ్ళతో పాటు నవ్వేవాణ్ణి. లోపల మండేది. ఈ ప్రాజెక్టు గడువులోగా ముగించి, బయోడేటాలో ప్రాజెక్ట్ మేనేజర్ అని రాసుకుని, ఏదో ఒక బ్యాంకులోకి దూకెయ్యాలని నా ఆలోచన. నేను చేసిన ప్రతి తప్పు వెనకా ఈ తొందర ఉంది, అందుకని ముందే చెప్తున్నాను.

ఆ పెద్దమనిషి అమెరికా దేశం పుట్టినప్పుడు దానికి పునాదులు వేసినవాళ్ళలో ఒకడు. స్వేచ్ఛ గురించి గొప్ప మాటలు రాసినవాడు. ఆయనకి పెద్ద పొగాకు ఎస్టేటు ఉండేది. అందులో పనిచేసేవాళ్ళంతా ఆయన కొనుక్కున్న బానిసలు, వాళ్ళకి అక్కడే పుట్టిన పిల్లలు. ఆయన ఉత్తరాలు, ఉపన్యాసాల చిత్తుప్రతులు, వ్యవసాయం పుస్తకాలు అన్నీ అక్కడొక గ్రంథాలయంలో ఉన్నాయి. వాటి ఫొటోలు మాకు పంపేవాళ్ళు. మేం అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి తిరిగి పంపాలి. అప్పుడు ఎవరైనా కంప్యూటర్లో ఒక మాట కొట్టి వెతికితే, ఆ మాట ఉన్న పేజీ దొరుకుతుంది. మేం టైపు చెయ్యని మాట ఆ పేజీలో ఉన్నా వెతికేవాడికి లేనట్టే.

పొల్లుపోకుండా ఉండడానికి ఒక పద్ధతి ఉండేది. ప్రతి పేజీనీ ఇద్దరు విడివిడిగా టైపు చేస్తారు. ఒకరిదొకరు చూడకూడదు, ఆ పేజీ గురించి మాట్లాడుకోకూడదు. అందుకే గదికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చునేవారు. తర్వాత కంప్యూటర్ ఇద్దరిదీ పోల్చి, తేడా ఉన్నచోట ఆగుతుంది. మూడో మనిషి అసలు పేజీ చూసి ఎవరిది సరైనదో తేలుస్తాడు. ఒక మీట నొక్కితే మొదటివారిది ఉంటుంది, ఇంకో మీట నొక్కితే రెండోవారిది ఉంటుంది. ఆ మూడో మనిషిని నేను.

ఈ చివర కూర్చునేది అక్క. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. పుట్టింది మలయాలో ఒక రబ్బరు ఎస్టేటులో. తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అక్కడికి వెళ్ళారట. పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చింది. భర్త తంజోంగ్ పగార్ ఓడరేవులో పనిచేస్తూ పోయాడు. ఆంధ్ర ఎప్పుడూ చూడలేదు. నాయనమ్మ దగ్గర నేర్చిన తెలుగు మాట్లాడేది, మధ్యమధ్య అరవం, మలాయ్ మాటలు కలుపుకుని. నేను చేరిన మొదటిరోజే, "ఏ ఊరు తమ్ముడూ మీది? మకాన్ అయిందా?" అంది. మకాన్ అంటే మలాయ్‌లో తిండి. ఆ ప్రశ్న నేనక్కడ ఉన్నన్నాళ్ళూ రోజూ అడిగింది. మధ్యాహ్నం నాకన్నా ముందే తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి వెళ్ళి, కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకు చోటు ఆపేది.

"అక్కా, నేను మీ సూపర్‌వైజర్ని. మీరు నాకు కుర్చీ ఆపడమేమిటి?" అన్నానొకసారి.

"సూపర్‌వైజరైతే నిలబడి తింటావేటి? కూకో."

టైపింగ్‌లో ఆవిడంత వేగం మా దగ్గర ఇంకెవరికీ లేదు. అర్థం చూడకుండా టైపు చెయ్యడమే ఆ పనిలో నేర్పు. అర్థం చూస్తే చెయ్యి ఆగుతుంది. నేను మాత్రం చదివేవాణ్ణి. మాది ఒంగోలు వైపు పొగాకు పండించే ఊరు. ఆయన ఉత్తరాల్లో ఆకు వానకి తడిసి పాడైందనో, ఓడ ఆలస్యమైందనో, ధర పడిపోయిందనో ఉంటే నాకు మా నాన్న గొంతు వినపడేది. ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూర్చుని ఆయనా ఇలాగే గొణుక్కునేవాడు. ఎక్కడి తెల్లదొర, మా ఊరి రైతులాగే అనిపించాడు. ఆయనంటే ఇష్టం ఏర్పడింది. ఆ ఆకు కోసిందెవరు, మోసిందెవరు అన్న ఆలోచన నాకు రాలేదు. మా ఊళ్ళో ఉన్నప్పుడు కూడా ఎప్పుడూ రాలేదులెండి.

ఆరేడు నెలలు సాఫీగా సాగాయి. తర్వాత ఆయన ఎస్టేటు పుస్తకం వచ్చింది.

అది ఆయన సొంత దస్తూరితో రాసుకున్న పుస్తకం. ఏ పొలంలో ఏం వేశారు, మందలో గొర్రెలెన్ని అని రాసిన పేజీల పక్కనే బానిసల జాబితాలు. తల్లి పేరు, కింద పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరం, ఈ ఏడు ఎవరికి దుప్పటి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు. ఇంటిపేర్లు లేవు, ఒట్టి పేర్లు. కొన్నిటి మీద అడ్డంగా గీత.

ఈ గీతల్ని ఏం చెయ్యాలి? అమెరికా వాళ్ళిచ్చిన నియమాల పుస్తకంలో, చిత్తుప్రతుల్లో కొట్టివేతలు వదిలెయ్యమని ఉంది. జాబితాల్లో కొట్టివేతలుంటే మాత్రం మమ్మల్ని అడగండి అని ఉంది. అడగడమంటే ఒక ఫారం నింపి పంపాలి. జవాబు వచ్చేదాకా ఆ కట్ట మొత్తం ఆగిపోతుంది. నెలాఖరున మేం ఎన్ని ప్రశ్నలు పంపామో మా బాస్ లెక్క చూస్తాడు. ఎక్కువైతే, "నీ పని నీకు తెలియదా, ప్రతిదీ వాళ్ళనే అడుగుతావా?" అంటాడు. నేను అడగలేదు. గోడ మీది తెల్లబోర్డు తుడిచి, గీత కొట్టినవి టైపు చెయ్యొద్దు అని పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాశాను. రాసి, కాస్త వెనక్కి జరిగి చూసుకున్నాను కూడా. ఎంత తేలిగ్గా తేలిపోయిందో అనుకున్నాను.

మర్నాడు అక్క ఒక పేజీ ప్రింటు తీసుకుని నా బల్ల దగ్గరికొచ్చింది.

"తమ్ముడూ, ఈ కొట్టేసినోళ్ళు ఏటైపోనారు?"

"ఎవరక్కా?"

"ఇదిగో. తల్లి ఉంది. కింద నలుగురు పిల్లలు. రెండో పిల్ల మీద గీత. నాలుగు పేజీలు పోయాక మళ్ళీ ఇదే తల్లి. ముగ్గురే పిల్లలు. రెండోదాని పేరే లేదు."

"చనిపోయి ఉంటుంది. లేదా అమ్మేసి ఉంటారు. బోర్డు మీద రాశాను కదక్కా, వదిలెయ్యండి."

"ఒగ్గేత్తే?"

"ఏమవుతుంది? తప్పుగా రాసి కొట్టేసుకున్నాడనుకోండి."

"తప్పెలాగవుద్ది? పుట్టిన సంవత్సరం రాసేడు. దుప్పటి ఇచ్చినట్టు రాసేడు. ఆ తరవాత కొట్టేడు. మనిషి లేకుంటే దుప్పటి ఎవరు కప్పుకున్నారు?"

నాకు నవ్వొచ్చింది. అక్కకి రాలేదు. నా ఎదురు కుర్చీలో కూర్చుంది.

"మా ఎస్టేట్లో తెల్లారకముందే పెరట్టు ఉండేది" అంది. పెరట్టు అంటే కూలీలందరినీ వరసలో నిలబెట్టి పేర్లు పిలవడమట. గుమాస్తా పుస్తకం చూసి పిలిస్తే, ఉన్నవాళ్ళు పలకాలి. "మా నాన జొరమొచ్చి పోయేడు. మర్నాడు పెరట్టులో ఆడి పేరు మీద గీత. నేను చూసేను, నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఏడాది తిరిగాక పుస్తకం నిండిపోయి, కొత్త పుస్తకంలోకి ఎత్తి రాసేరు. గీతలున్నోళ్ళని ఎత్తలేదు. ఎందుకెత్తుతారు? పాతది చెదలు తినేసింది. ఆనక కొత్త దొరొచ్చి మా అమ్మని, ఈ ఇంట్లో నువ్వెందుకున్నావు, నీ మొగుడు ఇక్కడ పనిచేసినట్టు ఎక్కడుంది అన్నాడు. గుమాస్తా పుస్తకమంతా తిరగేసి, అలాటి మనిషి లేడు దొరా అన్నాడు. పదకొండేళ్ళు రబ్బరు చెట్లు గీసినోడు తమ్ముడూ. మా అమ్మ అక్కడే కూలబడిపోయింది." చేతిలో కాగితం మీద వేలు పెట్టి, "గీతైనా ఉంటే బాగుండును. గీత కింద పేరుంటది గదా" అంది.

నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "అది వేరు, ఇది వేరు అక్కా. లంచ్‌లోపు ఆ కట్ట అయిపోవాలి" అన్నాను.

ఆ రోజు నుంచి తేడాలు పెరిగిపోయాయి. గదికి ఆ చివర కూర్చునే చైనీస్ ఆంటీ, బోర్డు మీద రాసినట్టే, గీత కొట్టిన పేర్లు వదిలేసేది. అక్క టైపు చేసేది. కంప్యూటర్ ప్రతి పేరు దగ్గరా ఆగేది. నేను ఆంటీది ఉంచే మీట నొక్కేవాణ్ణి, అక్క టైపు చేసిన పేరు పోయేది. ఇంకొకటి, మళ్ళీ నొక్కేవాణ్ణి. నాలుగు రోజులకి అసలు పేజీ వైపు చూడకుండానే నొక్కడం అలవాటైపోయింది. అక్కని పిలిచి ఎందుకిలా చేస్తున్నారని అడగొచ్చు, కనీసం కోప్పడొచ్చు. రెండూ చెయ్యలేదు. ఆవిడ ఆపిన కుర్చీలో కూర్చుని, ఆవిడ గిన్నెలోంచి నాకు వేసిన చేపముక్క తింటూ ఆ మాట ఎత్తడానికి నోరు రాలేదు. మీట నొక్కడానికి నోటితో పని లేదు.

నెలాఖరున బాస్ పిలిచాడు. సింగపూర్ చైనీస్, నలభై ఏళ్ళవాడు, చెడ్డవాడేం కాదు. అతని చేతిలో ఎవరెవరివి ఎన్ని తప్పులు పోయాయో చూపించే కాగితం ఉంది. అక్క పేరు దగ్గర వేలు పెట్టి, "వై దిస్ ఆంటీ సో మెనీ మిస్టేక్స్? బిఫోర్, షీ వాజ్ ద బెస్ట్, వాట్" అన్నాడు, మాట చివర "వాట్", "లా" తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో.

అవి తప్పులు కావు, ఆవిడ ఒక ప్రశ్న అడుగుతోంది, ఆ ప్రశ్న నేను అమెరికాకి పంపలేదు అని చెప్తే సరిపోయేది. చెప్తే, నియమాల పుస్తకంలో అడగండి అని ఉన్న పేజీ అతని కంటబడేది.

"వయసైపోతోంది కదా సార్. కళ్ళు ఆనడం లేదనుకుంటాను" అన్నాను.

అతను జాలిగా తలూపాడు. "ఓకే లా. మూవ్ హర్."

నేను జీవితంలో అబద్ధాలాడలేదని కాదు. కానీ అంత మెత్తటి గొంతుతో, ఎదుటి మనిషి మేలు కోరుతున్నట్టు ఆడింది అదొక్కటే.

అక్కని టైపింగ్ నుంచి తప్పించి, పక్కనే గాజు తలుపుల గదిలో సీడీలకి చీటీలు అంటించే పనిలో వేశారు. మూడు వారాల పని. అది అయిపోగానే కాంట్రాక్టు అయిపోతుంది, మళ్ళీ పొడిగించరు. ఇంట్లో పాలిటెక్నిక్ చదువుతున్న కూతురుంది, ఇద్దరూ ఆ జీతం మీదే బతుకుతున్నారు. ఇది నాకు తెలుసు. ఆర్డరు కాగితం నా చేత్తోనే ఇచ్చాను. ఆవిడ చదివి, నాలుగు మడతలు పెట్టి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, "నా కళ్ళు బాగానే ఉన్నాయి తమ్ముడూ" అంది. అంతే.

ఆ మధ్యాహ్నం హాకర్ సెంటర్‌కి వెళ్ళడానికి మొహం చెల్లక, మెట్ల మీద కూర్చుని బ్రెడ్డు తిన్నాను. తిరిగొచ్చేసరికి నా బల్ల మీద ఒక పొట్లం ఉంది. అన్నం, చేపల పులుసు. వెనక్కి పంపేద్దామనుకున్నాను. ఆకలేసింది, తినేశాను.

ఆ మూడు వారాలూ అయ్యే శుక్రవారం నాడే, అమెరికా గ్రంథాలయం నుంచి ఎడిటర్ వచ్చింది. అరవై దాటిన పెద్దావిడ, గట్టిగా మాట్లాడితే కాగితాలు నలుగుతాయన్నట్టు మెల్లగా మాట్లాడేది. వచ్చీరాగానే ఎస్టేటు పుస్తకం తియ్యమంది. ఫొటో ఒక పక్క, మా టైపు ఒక పక్క పెట్టుకుని, వేలితో ఒక్కో వరసా దిగుతూ వచ్చింది. వేలు ఆగింది.

"ఇక్కడ ఇంకో బిడ్డ ఉండాలి కదా?"

గీత కొట్టి ఉంది కాబట్టి టైపు చెయ్యలేదన్నాను. ఆవిడకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. ఏమీ తెలియనివాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పింది. మాకు ఈ పుస్తకం కోసమే ఎక్కువ ఉత్తరాలు వస్తాయి, తమ ముత్తవ్వల ముత్తవ్వలు ఎవరో వెతుక్కునేవాళ్ళు రాస్తారు. ఎవరినైనా అమ్మేస్తే ఆయన పేరు మీద గీత కొట్టేవాడు, చనిపోయినా కొట్టేవాడు. తర్వాతి జాబితాలోకి వాళ్ళు రారు. చాలామంది ఈ భూమ్మీద బతికారనడానికి మిగిలింది ఆ గీత కింది పేరొక్కటే.

ఇదే సంగతి శ్రీకాకుళం తెలుగులో నాకు ఒకసారి చెప్పారు. అప్పుడు నాకు లంచ్ తొందర.

బాస్ నా వైపు తిరిగాడు. "మాకు తెలుసు మేడమ్" అన్నాను. "ఆ పేర్లన్నీ విడిగా తీసిపెట్టాం, రెండో విడతలో చేర్చడానికి."

విడిగా ఏమీ తియ్యలేదు. అప్పటికప్పుడు అంత నున్నగా ఎలా వచ్చిందో ఆ వాక్యం. ఆవిడ మొహం విప్పారింది. లేచి నాకు చెయ్యిచ్చి, "ఇది గమనించినందుకు కృతజ్ఞతలు. చాలామంది గమనించరు" అంది. నేనా చెయ్యి పట్టుకుని ఊపాను. గాజు తలుపు అవతల అక్క తన ఆఖరి రోజు చీటీలు అంటిస్తోంది.

"రేపు పొద్దున ఆ రెండో విడత చూపించండి, మధ్యాహ్నం నా విమానం" అంది ఎడిటర్.

శనివారం ఏడున్నరకే ఆఫీసుకి వెళ్ళాను. నేను మీట నొక్కి తీసేసినా, ఎవరు టైపు చేసింది వాళ్ళ ఫైలులో అలాగే ఉంటుంది. అక్క ఫైళ్ళలోంచి ఆ పేర్లు ఎత్తి, రెండో విడత అని చూపించేద్దామని నా ఎత్తు. ఆ ఫైళ్ళు తెరిచాను. ప్రతి వరస చివరా ఒక చిన్న ఖాళీ గడి ఉంటుంది. టైపు చేసేవాళ్ళు నాకేమైనా చెప్పదలుచుకుంటే అందులో రాస్తారు, ఇక్కడ మసగ్గా ఉంది, ఇక్కడ సిరా మరక అని. ఆ గడులు చూడడం నేనెప్పుడో మానేశాను. గీత కొట్టిన ప్రతి పేరు పక్కనా, ఆ గడిలో అక్క ఒక మాట రాసింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట. ఆ ఆఫీసులో దాన్ని చదవగలిగింది నేనొక్కణ్ణే.

మగవాళ్ళ పక్కన "ఉన్నాడు". ఆడవాళ్ళ పక్కన "ఉంది". పేజీ తర్వాత పేజీ. ఉంది. ఉన్నాడు. ఉంది. ఉంది. ఒకచోట, నాలుగేళ్ళ పిల్ల పక్కన, "ఉంది తమ్ముడూ".

నేను మాట్లాడడం మానేశాక కూడా ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉంది. పేరు పేరుకీ. నేను మీట నొక్కుతూ కూర్చున్నాను.

ఎడిటర్, బాస్ ఇద్దరూ వచ్చాక చెప్పేశాను. రెండో విడత అనేది లేదని, అడగమని రాసి ఉన్నా అడగలేదని, అక్క టైపు చేసినవి నేనే తీసేశానని. ఆవిడ కళ్ళకి ఏమీ కాలేదని కూడా చెప్పాను. అది మరీ మెల్లగా చెప్పాను. బాస్ "వాట్?" అని రెండోసారి చెప్పించాడు. దీన్ని ధైర్యం అనుకోకండి. ఆ గడి చదివాక ఇంకో అబద్ధం ఆడడానికి సత్తువ లేకపోయింది.

ఎడిటర్ తెర మీది ఆ మాటని చాలాసేపు చూసింది. "దీనర్థం ఏమిటి?" అని అడిగింది.

"ఆమె ఇక్కడే ఉంది అని" అన్నాను.

ఆవిడ వెళ్ళేముందు రెండు నెలల గడువిచ్చింది. అయితే పద్ధతి పద్ధతే, ఒక్కరు టైపు చేస్తే చెల్లదు. ఆ పేజీలన్నీ ఇద్దరు మొదటినుంచీ మళ్ళీ చెయ్యాలి, అందులో ఒకరు అక్క కావాలి అంది. ఆవిడ టాక్సీ ఎక్కాక బాస్ నాతో అన్న మాటలు రెండే. "యూ స్పాయిల్, యూ ఫిక్స్. ఆంటీ రాకపోతే నువ్వు కూడా రాకు."

ఆ మధ్యాహ్నమే తంజోంగ్ పగార్ వెళ్ళాను. అక్క వాళ్ళ ఫ్లాటు వరండాలోంచి ఓడరేవు క్రేన్లు కనపడేవి. కూతురు తలుపు తీసి, లోపలికి తిరిగి, "అమ్మా, యువర్ ఆఫీస్ అంకుల్ లా" అని కేకేసింది. ముప్ఫయ్యొకటో ఏట అంకుల్ అనిపించుకోవడం ఆ రోజు నాకు పడవలసిన శిక్షల్లో అతి చిన్నది.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కూర్చుంటే మళ్ళీ చెప్పలేనేమోనని నిలబడే చెప్పాను.

"అక్కా, మీ కళ్ళ గురించి బాస్‌కి అబద్ధం చెప్పింది నేను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"లిఫ్టులో కలిసి, కళ్ళు డాక్టర్‌కి చూపించుకో ఆంటీ అన్నాడు. నా కళ్ళ సంగతి ఆయనకి నువ్వు గాక బిస్కెట్లోళ్ళు చెప్తారేటి?"

"తెలిసీ నాకు అన్నం పెట్టారు."

"ఆకలికి నువ్వేం చేసేవో తెలుసేటి? దానికి టైముకి ఇంత పడాల."

"నా మీద కోపం లేదా అక్కా?"

"ఉంది" అంది. "కూకో."

కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను, ఎడిటర్ చెప్పింది కూడా. ఆవిడ కిటికీ వైపు చూస్తూ వింది. "వత్తాను" అంది. "అయితే రెండో టైపు నువ్వు చెయ్యాల."

"నేనా? నాకంత వేగం లేదక్కా. ఆంటీ అయితే..."

"ఆంటీ మంచి మనిషే. నువ్వు చెప్పినట్టు చేసింది. ఆళ్ళని కొట్టేసింది నువ్వు. నువ్వే ఎత్తి రాయి, ఒక్కో పేరూ."

సోమవారం నుంచి నేను గదికి ఆ చివర కూర్చున్నాను. అక్క తన పాత కుర్చీలో. ఆవిడ ఆరు పేజీలు చేసేసరికి నాకు ఒకటి అయ్యేది. ఈ మధ్యలో ఒక బ్యాంకు నుంచి ఇంటర్వ్యూకి పిలుపొస్తే వెళ్ళలేదని రాయాలని ఉంది. వెళ్ళాను. వాళ్ళు తీసుకోలేదు.

మెల్లగా చెయ్యడం వల్ల చదవక తప్పేది కాదు. ఒక తల్లి కింద ఇద్దరు పిల్లల మీద ఒకే సిరాతో గీతలు, పక్కన ఒకే తేదీ. ఆ సంవత్సరం చూస్తే నాకెక్కడో తగిలింది. ఆకు వానకి తడిసి పాడైందని ఆయన వాపోయిన ఉత్తరం ఆ ఏటిదే. ఆ ఉత్తరం చదివినప్పుడు నేనాయన మీద జాలిపడ్డాను. పంట పోయినప్పుడు ఆయనకి అమ్ముకోవడానికి ఇంకేం మిగిలిందో అప్పుడు నేను ఆలోచించలేదు. ఆ తల్లి తర్వాతి జాబితాలో కూడా ఉంది. దుప్పటి ఇచ్చినట్టు రాసి ఉంది.

మీలో ఎవరికైనా ఉద్యోగంలో అడగండి అని రాసి ఉన్న చోటు ఎదురైతే, అడగండి. నాకు తెలిసిన సలహా అదొక్కటే. మిగతావి నాకన్నా తెలివైనవాళ్ళు చెప్తారు.

రెండు నెలలకి పని పూర్తయింది. పోల్చి చూసే రోజు వచ్చేసరికి ఒక చిక్కు తేలింది. టైపు చేసినవాణ్ణి నేనే కాబట్టి తేల్చే మూడో మనిషిగా నేను కూర్చోకూడదు. బాస్ కూర్చోవాల్సి వచ్చింది. ఆ ప్రాజెక్టు మొదలైన దగ్గర్నుంచి అతను ఒక్క పేజీ కూడా చదివి ఎరుగడు. చొక్కా చేతులు మడుచుకుని కూర్చుని, "ఓకే, షో మీ" అన్నాడు. మేమిద్దరం వెనక నిలబడ్డాం. పేజీలు ఆగకుండా వెళ్ళిపోతున్నాయి. నాది, అక్కది ఒక్కటే. నాకు లోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

చివరి కట్టలో కంప్యూటర్ ఆగింది.

"వన్ సే గాట్, వన్ సే డోంట్ హావ్" అన్నాడు బాస్. ఒకరి ఫైలులో పేరుంది, ఒకరి ఫైలులో లేదు.

రెండు వరసల మధ్య ఇరికించి రాసిన పేరది. దాని మీద గీత కాదు, నాలుగైదు సార్లు బరికినట్టుంది. నాకు సిరా మరకలాగే కనపడింది, ఇప్పుడు కూడా. మేం నోరెత్తకూడదు. అక్క చేతులు కట్టుకుని నిలబడింది. బాస్ ఫొటోని పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. తెరంతా ఆ ఒక్క మరకే నిండిపోయింది. మొహం తెర దగ్గరగా పెట్టి, గీతల కిందనుంచి బయటికొచ్చిన అక్షరాల తోకలు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ, చిన్నపిల్లాడిలా కూడబలుక్కుని చదివాడు. పేరు పూర్తిగా వచ్చాక ఒకసారి పైకి అన్నాడు. పక్కనున్న సంవత్సరం చూసి వేళ్ళ మీద లెక్కేసి, "టూ ఇయర్స్ ఓల్డ్ ఓన్లీ" అన్నాడు. అక్కది ఉంచే మీట నొక్కాడు. ఎందుకో వెంటనే తర్వాతి పేజీకి వెళ్ళలేదు.

అక్క కాంట్రాక్టు ఆ వారమే పొడిగించారు. ఆ ఆఫీసు మూసేసేదాకా ఆవిడ అదే కుర్చీలో పనిచేసింది.

ఆ రెండేళ్ళ పాప పేరు ఇప్పుడు అందులో ఉంది. ఎవరైనా వెతికితే దొరుకుతుంది. రెండు నెలల పాటు, సిగ్గుతో, భయంతో, అక్షరం అక్షరం చూసుకుంటూ చేసిన పనిలో కూడా నేను ఆ పాపని వదిలేశాను. అక్క వదల్లేదు.